ధన్మతి వంచిన వెదురు

ధన్మతి వెదురుబొంగు భుజాన వేసుకుని వీధి మొదట్లో కనపడేసరికి జనం గుమ్మాల్లోకి వచ్చేశారు. బొంగు ఆమెకు మూడింతల పొడవుంది. వెనకకొస మట్టిలో గీత గీసుకుంటూ వస్తోంది, ముందుకొస ఎవరి కంట్లో పొడుస్తుందో అన్నట్టు ఊగుతోంది. రమ్ముకొట్టు బల్లమీద కూర్చున్న మగాళ్ళు గ్లాసులు వెనక్కి దాచుకున్నారు. దీవాళీ ముందు నియమంగా ఉండాల్సిన మహానుభావులు మరి.

"ఏంట్రా అలా చూస్తారు? పుట్టి బుద్ధెరిగాక వెదుర్ని చూడలేదా?" అని కసిరింది ధన్మతి.

"మాయీ, ఒక్కమాట చెబితే మేం తెచ్చిపెట్టేవాళ్ళం కదా," అన్నాడొకడు, కూర్చున్నచోటి నుంచి కదలకుండానే.

"తెచ్చేవాడివైతే ఈపాటికి లేచేవాడివి. కూర్చో నాయనా, గ్లాసు ఒలికిపోగలదు."

ఎవరూ వచ్చి చెయ్యి వెయ్యలేదు. వాళ్ళేమీ చెడ్డవాళ్ళు కాదు. ఆ బొంగుకి చెయ్యి వేస్తే ఒక మాట అన్నట్టే, ఆ మాట అనడానికి ఊళ్ళో ఎవరికీ నోరు రావడంలేదు. చావు జరిగిన ఇంట్లో ఆ ఏడు దీవాళీ ఉండదు. వెదురు నరకరు, ప్రమిదలు కొనరు, వీధంతా వెలుగుతుంటే ఆ ఒక్క ఇల్లూ చీకట్లో కూర్చుంటుంది. ధన్మతి కొడుకు ఇందర్ వానలు మొదలైన కొత్తలో వంజరం చేపలకని పడవ వేసుకుని వెళ్ళాడు. జత మనిషికి జ్వరమొస్తే ఒక్కడే వెళ్ళాడు. తిరిగి రాలేదు. పడవా రాలేదు, ఒక చెక్కముక్కైనా ఒడ్డుకు కొట్టుకురాలేదు. వెతికేవాళ్ళు వెతికారు. ఎదుటి తీరం వెనిజులా దొంగలు ఇంజిను కోసం పట్టుకుపోయారన్నారు కొందరు, సుడిలో పడిందన్నారు కొందరు. ఎవరి మాటకీ ఆధారం లేదు. ఇక ధన్మతి ఇంట్లో దీపాలు పెడితే కొడుకు బతికున్నట్టు, పెట్టకపోతే పోయినట్టు. మధ్యలో నిలబడటానికి జానెడు చోటు కూడా లేదు.

ఆమె వెదురు నరుక్కొచ్చింది.

ఆ దీవి కొసన ఇళ్ళన్నీ స్తంభాల మీద ఉంటాయి. ఇంటికింద నీడలో, ఉయ్యాలమంచం మీద ధన్మతి మొగుడు హర్దేవ్ పడుకుని ఉన్నాడు. వెదురు వంచటంలో ఆ చుట్టుపక్కల అతనంతటివాడు లేడు. పురివిప్పిన నెమలి వంచాడంటే ఒక్కో ఈకకి ఒక్కో ప్రమిద కూర్చునేలా వంచేవాడు, బయటూళ్ళ జనం కార్లేసుకుని వచ్చి చూసిపోయేవారు. బొంగులు నరికేదీ చీల్చేదీ ఇందర్, వంచేది తండ్రి. ప్రతి ఏడూ ఇద్దరూ పోట్లాడుకుంటూ వంచేవారు.

"ఏవయ్యా, కత్తెక్కడ?" అంది ధన్మతి, బొంగు దబ్బున కింద పడేసి.

"ఎందుకు?"

"నీ గడ్డం గీయడానికి. కనపడటంలా, ఇంత పొడుగు వెదురు?"

హర్దేవ్ వెదురుకేసి చూశాడు. "ఇదిగో, ఈ ఏడు వద్దు," అన్నాడు.

"ఎందుకొద్దు? చెప్పు. ఎందుకొద్దో నోరు తెరిచి పూర్తిగా చెప్పు."

అతను అటువైపు తిరిగి పడుకున్నాడు. ధన్మతికి ఒళ్ళు మండిపోయింది. వద్దన్నందుక్కాదు, "ఇదిగో" అన్నందుకు. కొడుకు పుట్టిన దగ్గర్నుంచి అతను ఆమెని "ఇందర్ మాయీ" అనే పిలిచాడు. కూర ఉప్పగా ఉన్నా ఇందర్ మాయీ, నడుం పట్టేసినా ఇందర్ మాయీ. పడవ రానినాటి నుంచి ఆ పిలుపు మానేశాడు. తనకి తెలియకుండానే మానేశాడో, తెలిసే మానేశాడో, ఆమె అడగలేదు. అడిగితే జవాబు వస్తుందేమోనని భయం.

కత్తి ఆమే వెతుక్కుంది. పని మొదలుపెట్టింది.

చూడటానికి వెదురు వంచటం ఎంతో తేలిక. పచ్చి బొంగుని నిలువునా బద్దలుగా చీల్చాలి, లోపలి మెత్తటి భాగం చెక్కెయ్యాలి, కణుపు దగ్గర చిన్న గాటు పెట్టి, మోకాలికి ఆనించి, పసిపిల్ల చెయ్యి వంచినట్టు మెల్లగా వంచాలి. గాటు లోతైతే బద్ద విరుగుతుంది, లోతు చాలకపోతే వంగదు. ఇన్నేళ్ళూ కళ్ళారా చూసింది కాబట్టి చేతులకీ వచ్చేసుంటుందనుకుంది ధన్మతి. మొదటి బద్ద ఫట్‌మని విరిగింది. రెండోది విరిగి అరచేతిలో గీరింది. మూడోది వంగినట్టే వంగి, తీగ కట్టబోయేలోగా లేచి గడ్డానికి తగిలింది.

"నైబర్! అది దీపాలకా, కొంగలకి వలా?" అని కంచె అవతలి నుంచి కేకేసింది మిస్ ఎనిద్. ఎనిద్ వాళ్ళు చర్చివాళ్ళు, నల్లవాళ్ళు. ఇద్దరూ పెళ్ళిళ్ళయి ఆ వీధికి వచ్చినప్పటి నుంచీ ఆ కంచె మీదే పోట్లాడుకుంటూ, ఆ కంచె మీదే కూరలు మార్చుకుంటూ ముసలివాళ్ళయ్యారు.

"నీ కోసమేలే, వచ్చి దాంట్లో పడు," అంది ధన్మతి.

"పడతా, తీపి అన్నం పెడతానంటే ఎక్కడైనా పడతా. ఎల్లుండి గిన్నె పట్టుకుని వస్తున్నా. ఇవాళ మా సమాధుల పండుగ, ఇంట్లో కొవ్వొత్తులే సరిపోయినన్ని లేవు. మా ఆయన సమాధి మీద ఎన్ని పెట్టినా గాలితో ఆర్పేస్తాడు, బతికినన్నాళ్ళూ అంతే, వెలుతురుంటే నిద్రపట్టేది కాదు."

"మీరు నోటితో ఊది ఆర్పేస్తారుగా, అందుకే నిలబడవు. మేం దీవాళీ దీపాన్ని ఊదం. లక్ష్మీదేవి మొహాన ఊదినట్టు. దానంతట అదే ఆరాలి."

"ఆరేదాకా కాపలా ఎవరు కూర్చుంటారే తల్లీ!" అని నవ్వి, ఎనిద్ ఒక్కసారి ఆగింది. ఆ వెదురు ముక్కల్నీ, నెత్తురు కారుతున్న ధన్మతి చేతినీ చూసింది. "నైబర్... నీకు నిజంగా చెయ్యాలనుందా ఇది?" అంది మెల్లగా.

"నా కొడుకు వచ్చేసరికి ఇల్లు చీకటిగా ఉంటే వాడేమనుకుంటాడు?" అంది ధన్మతి. ఎనిద్ కంచె వదిలి లోపలికి వెళ్ళింది.

అప్పుడే కోడలు ఓమతి మెట్లు దిగి వచ్చి, బద్ద రెండోకొస పట్టుకుంది. పాతికేళ్ళ పిల్ల. మాట తక్కువ. నుదుటి మీద, పాపిట్లో సిందూరం ఎర్రగా ఉంది. ఉండక తప్పదు. రోజూ పొద్దున్నే కాఫీ ఇచ్చే ముందు అత్తగారి కళ్ళు పాపిట మీదికే వెళతాయి. ఒకరోజు కాస్త పలచగా పెట్టుకుందని, కాఫీ పక్కన పెట్టి, తనే కుంకుమభరిణె తెచ్చి నిండుగా దిద్దింది. శనివారం వచ్చిందంటే ధన్మతి ఇందర్ బట్టలన్నీ ఉతికి, వీధికి కనపడేలా తాడుమీద ఆరేస్తుంది. వాడి నీలం చొక్కాని అన్నిటికంటే ముందు ఆరేస్తుంది. వేసుకోని చొక్కా ఎన్నిసార్లు ఉతికితే ఏమవుతుంది? రంగు వెలిసిపోయింది.

అత్తా కోడళ్ళిద్దరూ సాయంత్రందాకా పనిచేశారు. నెమలి రాలేదు, తామర రాలేదు. ఒక వంకర కమాను వచ్చింది, దాని కింద రెండు అరలు. వీధిలో అందరూ కమానులు వీధివైపే నిలబెట్టారు. ధన్మతి పెరటివైపు, సముద్రానికి ఎదురుగా పాతించింది. సముద్రం ఉన్నది దక్షిణాన, యముడి దిక్కున, అటువైపు ఏడాదికి ఒక్కటే దీపం పెట్టడం వాళ్ళింటి అలవాటు. ఆ సంగతి ఓమతికీ తెలుసు. అయినా గొయ్యి తవ్వమంటే తవ్వింది, పట్టుకోమంటే పట్టుకుంది.

"మాయీ, మిస్ ఎనిద్‌కి సమాధులు కడగడానికి సాయం వెళ్ళిరానా?" అంది చేతులు కడుక్కుంటూ.

"వెళ్ళు. ఆవిడకి నడుం వంగదు. తొందరగా వచ్చెయ్, దుల్‌హిన్," అంది ధన్మతి. కోడల్ని ఆమె పిలిచే పిలుపు అదే.

ఆ పిల్ల చీకటి బాగా పడ్డాక వచ్చింది. కొంగు నుంచి మైనం వాసన వేసింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. పొగకేమో అనుకుంది ధన్మతి. అనుకోవాలనుకుంది కాబట్టి అనుకుంది.

మర్నాడు సాయంత్రం యముడి దీపం. ఇంటికి పెద్దదైన ఆడది పెట్టాలి. కొత్త ప్రమిద కాదు, కిందటి ఏటిది, నల్లగా మాడిన పాతది. ఇంట్లోవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ తలుచుకుని, మా జోలికి రాకు తండ్రీ అని దణ్ణం పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చెయ్యాలి. ధన్మతి ప్రమిదకి చెయ్యి అడ్డుపెట్టుకుని శ్మశానం గోడ పక్కనుంచి ఒడ్డుకు నడిచింది. కొబ్బరిచెట్ల మొదట్లో ఇసుకలో దీపం దిగవిడిచింది. ఎదురుగా దక్షిణం, దక్షిణంలో సముద్రం.

"నేను, మా ఆయన, నా కొడుకు, నా కోడలు. నలుగురం ఉన్నాం మా ఇంట్లో, నలుగురం," అంది గట్టిగా, చెవిటివాడికి చెప్పినట్టు. వెనక్కి చూడకుండా తిరిగి నడిచింది.

శ్మశానం గేటు దగ్గర ఎనిద్ కరిగిన కొవ్వొత్తుల మొదళ్ళు ఏరి డబ్బాలో వేస్తోంది. ధన్మతిని చూసి నడుం పట్టుకుని లేచింది.

"నైబర్, మంచిపని చేశావు నిన్న ఆ పిల్లని పంపి. పాపం, ఎంత ఏడ్చిందో! అంత ఏడుపు ఎక్కడ దాచుకుందో! నాకే భయమేసింది. గుండె కాస్త తేలికయ్యుంటుందిలే."

"ఎవరు? ఎక్కడ ఏడ్చింది?"

ఎనిద్ డబ్బా కింద పెట్టింది. శ్మశానం నడిమధ్యన పెద్ద సిలువ ఉంది. సమాధి లేనివాళ్ళకి, పరాయిదేశంలో పోయినవాళ్ళకి, సముద్రంలో పోయినవాళ్ళకి కొవ్వొత్తి పెట్టేది ఆ సిలువ మొదట్లోనే. ఎనిద్ అటు చూసి, చప్పున చూపు తిప్పేసుకుంది. ఆ చూపు చాలు.

"నా కోడలి చేత నా కొడుక్కి చావుదీపం పెట్టించావా?" అంది ధన్మతి.

"నేను పెట్టించలేదు నైబర్. నా దగ్గర కొవ్వొత్తి అడిగింది. మా ఆయనకేమో అనుకున్నా. తీసుకెళ్ళి అక్కడ పెట్టింది. ఆ దేవుడి మీద ఒట్టు, నేనేమీ అనలేదు."

"నీ దేవుడూ వద్దు, నీ ఒట్టూ వద్దు. రేపు నా గుమ్మం తొక్కావంటే..." మాట పూర్తి కాలేదు. ఇంటికి పరుగులాంటి నడకతో వెళ్ళింది.

ఓమతి ఇంటికింద లాంతరు పెట్టుకుని దూదితో వత్తులు చేస్తోంది. ధన్మతి ఆ పిల్ల ఎదురుగా నిలబడి నోటికొచ్చినవన్నీ అంది. నా ఇంట్లో తింటూ నా కొడుకుని చంపావన్నది. సిందూరం బరువైపోయిందా అన్నది. ఇంకో మొగుడి కోసం తొందరపడుతున్నావా అన్నది. ఆ మాట బయటికొచ్చాక తన చెవులే నమ్మలేకపోయాయి, అయినా వెనక్కి తీసుకోలేదు. వత్తి చేస్తున్న ఓమతి చెయ్యి ఆగిపోయింది.

"చాలు! నోరు మూసుకో!" అని అరిచాడు హర్దేవ్, ఉయ్యాలమంచం మీంచి లేచి కూర్చుని. కాపురం చేసిన ఇన్నేళ్ళలో అతను పెళ్ళాం మీద అరవటం అదే మొదలు. అరిచి, అరిచినందుకు తనే బెదిరినట్టు మెట్లెక్కి లోపలికి వెళ్ళిపోయాడు.

ఓమతి మళ్ళీ దూది తీసుకుంది. "రేపటికి ఇంకా కావాలి మాయీ, కమానుకి సరిపోవు," అంది తల ఎత్తకుండా.

దీవాళీనాడు ధన్మతి తెల్లారకముందే లేచి ధాల్‌పూరీలు ఒత్తింది, గుమ్మడికాయ కూర, మామిడికాయ కూర వండింది, తీపి అన్నం పెద్ద గిన్నెతో దించింది. కోడలు పక్కనే ఉండి అందించింది. ఇద్దరూ ఉప్పు, నీళ్ళు, గరిటె గురించి తప్ప మాట్లాడుకోలేదు. పొద్దు వాలాక ఇల్లంతా కడిగి, పూజ చేసి, ప్రమిదలు పెరట్లోకి మోశారు. ఓమతి గులాబీరంగు పట్టు చీర కట్టుకుంది. అత్తగారు తీసి ఇచ్చిందే. పాపిట నిండా సిందూరం పెట్టుకుని, చూసుకోమన్నట్టు ఒక్క క్షణం ఆవిడ ఎదురుగా నిలబడి, నూనె సీసా తీసుకుని వెళ్ళింది.

దీపాలన్నీ వెలిగాక చూస్తే కమాను ఎడమవైపుకి ఒరిగిపోతోంది. పైఅర ప్రమిదలు జారి పడేలా ఉన్నాయి. ధన్మతి వెళ్ళి రెండు చేతులా పట్టుకుంది కానీ, వదిలితే మళ్ళీ ఒరిగేలా ఉంది. అలా పట్టుకుని నిలబడిపోయింది, పిలవడానికి అభిమానం అడ్డొచ్చింది. వెనకనుంచి ఎవరో వచ్చి పక్కన కూర్చున్న చప్పుడైంది. హర్దేవ్. ఒక బద్ద అడ్డంగా ఆనించి, తీగ మెలిపెట్టి బిగించాడు. ఆమె కట్టిన ముడి ఒకటి విప్పి మళ్ళీ కట్టాడు. దీపాల వైపు మాత్రం చూడలేదు. పని అయ్యాక చేతులు దులుపుకుని మెట్లమీద కూర్చున్నాడు. మొగుడి మీద కోపం సగం కరిగి, ఆ కరిగిన చోట ఇంకేదో నొప్పి మొదలైంది ఆమెకి.

జనం వచ్చారు. రాక మానరు, ఆ ఊళ్ళో దీవాళీకి పిలవని ఇల్లంటూ ఉండదు. తిన్నారు, మూటలు కట్టించుకున్నారు. వానల మాట, చేపల ధర మాట, ఎవరి నెమలి బాగుందన్న మాట, అన్నీ వచ్చాయి. ఇందర్ మాట ఒక్కటీ రాలేదు.

"కమాను భలే ఉంది మాయీ," అన్నాడు రమ్ముకొట్టు బల్లమీది మనిషి.

"అబద్ధానికైనా అందముండాలిరా. తిను."

ఎనిద్ రాలేదు. కంచె అవతల ఆమె రేడియో పాడుతోంది. ధన్మతి ఒక గిన్నెలో తీపి అన్నం పెట్టి, మూతపెట్టి, కంచె మీద ఉంచింది. కాసేపటికి చూస్తే గిన్నె లేదు.

జనం పలచబడ్డారు. వీధిలో పిల్లలింకా కిరసనాయిలు పోసి వెదురు గొట్టాలు పేలుస్తూనే ఉన్నారు. ధన్మతి పెరట్లో పీటమీద సముద్రంవైపు తిరిగి కూర్చుంది. "ఒక్క దీపం ఆరకూడదు ఈ పూట. ఇంజిను చెడి ఎక్కడో కొట్టుకుపోతుంటాడు. ఒడ్డెక్కడుందో వాడికి తెలియాలి," అని మొదట్లోనే కోడలికి చెప్పింది. కోడలు ఆ మాట అక్షరాలా పాటిస్తోంది. ఈ కొస నుంచి ఆ కొసకి, పైఅర నుంచి కిందిఅరకి, వంగి నూనె పోస్తుంది, లేస్తుంది, వత్తి ఎగదోస్తుంది, మళ్ళీ మొదటి ప్రమిద దగ్గరికి వస్తుంది. చీర అంచు నూనెలో తడిసి నల్లబడింది. వేలు కాలినట్టుంది, ఒకసారి నోట్లో పెట్టుకుంది, మళ్ళీ సీసా అందుకుంది. తిట్లు తిన్న మనిషిలా లేదు, కూలికొచ్చిన మనిషిలా ఉంది.

ధన్మతి సముద్రాన్ని చూడటం ఎప్పుడు మానేసిందో ఆమెకే తెలియదు. ఆ పిల్లనే చూస్తోంది. చెంపలు పీక్కుపోయాయి. మెడలో ఎముకలు లేచి కనిపిస్తున్నాయి. ఈ ఐదు నెలల్లో పొద్దున్న పొద్దున్నే ఆ మొహాన్ని చూసింది కదా, పాపిట తప్ప ఏమీ చూడలేదా తను?

"దుల్‌హిన్."

"ఆఁ మాయీ."

"సిలువ దగ్గర దీపం పెట్టావట."

ఓమతి సీసా కింద పెట్టలేదు. "పెట్టాను మాయీ."

"వాడు లేడని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు." పైఅర వత్తి ఒకటి ఎగదోసింది. "ఇంజిన్ చప్పుడు, మాయీ. చీకట్లో ఎన్ని పడవలొచ్చినా, మనదేదో చప్పుడు బట్టే తెలిసిపోయేది నాకు. పొయ్యి వెలిగించేసేదాన్ని. ఆయనొచ్చేసరికి కాఫీ పొంగేది. పడవ రాని కొత్తలో ఏ చప్పుడైనా లేచి కూర్చునేదాన్ని. ఇప్పుడు... లేవటంలేదు. పడుకునే ఉంటున్నాను. నా చెవులకి తెలిసిపోయింది మాయీ. నేనేం చెయ్యను?"

ధన్మతి తన చేతులకేసి చూసుకుంది. తనూ అంతే కదా, మొదట్లో గిన్నెలో నాలుగో మనిషికి అన్నం వేసేది, ఎప్పటి నుంచో ముగ్గురికే వండుతోంది. చేతులు ఎప్పుడు మానేశాయో గమనించలేదు.

"పరాయివాళ్ళ సిలువ దగ్గరికెళ్ళి ఏడ్చావు. ఇక్కడ ఇంట్లో ఒక్కసారి ఏడవలేదేం?" అంది చివరికి.

"మీరు ఏడవలేదు కదా మాయీ," అంది ఓమతి. "కన్నతల్లి మీరు. మీకంటే ముందు నేనెలా ఏడుస్తాను?"

హర్దేవ్ మెట్లమీద కదిలాడు. ఓమతి సీసా ఎత్తి దీపం వెలుగులో చూసింది.

"ఇది అయిపోయింది. రెండో సీసా విప్పనా? ఇంకా పొయ్యాలా, మాయీ?"

ధన్మతి లేచింది. కోడలి చేతిలోంచి ఖాళీ సీసా తీసుకుంది. నేలమీదున్న రెండో సీసా కూడా తీసి, విప్పీ విప్పని మూతని గట్టిగా బిగించి, రెండూ మెట్టుకింద పెట్టేసింది.

"వద్దమ్మా. ఇంక పొయ్యకు. చాలు."

ఓమతి అర్థం కానట్టు ఆ సీసాల వైపు చూసింది. అర్థమయ్యాక నిలబడలేకపోయింది. ఇసుకలో కూలబడిన పిల్లని ధన్మతి ఒళ్ళోకి లాక్కుంది. నిన్నటి మాటలన్నీ గుర్తొచ్చి, "నా నోరు మంచిది కాదే తల్లీ, నిన్ను ఎంతెంత మాటలన్నాను," అని మొదలుపెట్టింది కానీ ఆ వాక్యం చివరిదాకా వెళ్ళలేదు. నా తండ్రీ, నా ఇందరూ అని ఒక్క అరుపు వచ్చింది. దాచుకున్నదంతా ఆ అరుపు వెనకే వచ్చేసింది. ఓమతి ఆమె మెడ కరుచుకుపోయి, అత్తగారి వెనక వెనకే ఏడ్చింది. కంచె అవతల రేడియో ఆగిపోయింది.

దీపాలని ఎవరూ ఊదలేదు. ఊదకూడదు. గాలి తగిలే పైఅరలో మొదటిది ఆరింది, తరవాత దాని పక్కది. నూనె ఎక్కువున్నవి ఎక్కువసేపు వెలిగాయి. ముగ్గురూ కూర్చుని చూశారు. హర్దేవ్ మెట్టు దిగి వచ్చి వాళ్ళ పక్కన ఇసుకలో కూర్చున్నాడు.

"ఇందర్ మాయీ," అన్నాడు.

ధన్మతి తల తిప్పింది. ఆ పిలుపు పోలేదు. కొడుకు పోయినా ఆ పిలుపు ఆమెదే.

"రేపు పండిత్‌జీ దగ్గరికి వెళ్ళొస్తాను. దర్భలతో మనిషి బొమ్మ చేసి, కర్మ చేస్తారట, శరీరం దొరకనివాళ్ళకి. వాడు నాకు చెయ్యాల్సింది..." అని ఆగిపోయాడు.

"వెళ్ళు," అంది ధన్మతి, కోడలి తల నిమురుతూనే. "ఊరికే దర్భలతో వద్దు. వాడికి సముద్రం గాలంటే చలి. తాడుమీద నీలం చొక్కా ఉంది, అది తీసుకెళ్ళి తొడిగించు."